పదకొండేళ్ళ పక్కచూపు

మా తమ్ముడు వెంకటరాయప్ప పదకొండేళ్ళు పెళ్ళాం మొహం చూడలేదు. ఒకే ఇంట్లో ఉంటూ, ఆమె వండిన సంగటి తింటూ, ఆమె ఉతికిన పంచె కట్టుకుంటూ చూడలేదు. ఈ మాట ఎవరికి చెప్పినా ముందు నవ్వేవాళ్ళు, తరువాత గొంతు తగ్గించి “ఏం, ఇద్దరికీ పడదా?” అని అడిగేవాళ్ళు. పడకపోతే బాగుండేది. పోట్లాడుకునేవాళ్ళు కళ్ళెర్రజేసుకోవడానికైనా ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటారు.

నేను వాడికంటే మూడేళ్ళు పెద్ద. కార్పొరేషన్ బడిలో ముప్ఫై మూడేళ్ళు తెలుగు చెప్పి, 2003లో రిటైరై, కబ్బన్‌పేటలో ఒక్కదాన్నే ఉంటున్నాను. నాకు నోటి దురుసు ఎక్కువని మావాళ్ళందరూ అంటారు. అననీండి. ఈ కథలో నోరు తెరవాల్సిన ఒక్కచోట నేను తెరవలేదు, అదే నా బాధ. మిగతా చోట్ల అరిచినదానికి నాకేమీ విచారం లేదు.

మాది కన్నడసీమలో స్థిరపడ్డ తెలుగు నేతపని ఇల్లు. నగర్తపేటలో ఒక సందు, ఆ సందులో ఇంకో సందు, దాని చివర మా నాయన కొన్న రెండు గదుల ఇల్లు. ముందు గదిలో మగ్గాలు, వెనక గదిలో మనుషులు. ఉన్న కాస్త గాలీ వెలుతురూ మగ్గాలకే. వెంకటరాయప్పను పదో ఏట బడి మానిపించి మా నాయన గుంటమగ్గంలో కూర్చోబెట్టాడు. మా ఇంట్లో ఆడపిల్లకు మగ్గం ఇవ్వరు కాబట్టి నన్ను చదవనిచ్చాడు. నేను టీచరమ్మను కావడానికి కారణం అంతే, అందులో నా గొప్పేమీ లేదు.

వాడు మాట తక్కువ మనిషి. డెబ్బై ఆరులో గుంటమగ్గం పోయి రెండు మరమగ్గాలు వచ్చాయి. అవి కరెంటుమీద ఆడటం మొదలుపెడితే ఇంట్లో ఎవరి మాట ఎవరికీ వినబడదు. మాట తక్కువవాడికి అంతకంటే ఏం కావాలి? పొద్దున ఏడుకు మగ్గం ముందు నిలబడితే సాయంత్రం ఏడు దాకా నిలబడేవాడు. నడుమ రెండు టీలు, ఒక భోజనం. మా తమ్ముడి బతుకంతా కూడదీసి చెప్పమంటే ఇంతే. పట్టుచీరలు నేశాడు. అవి ఎవరు కట్టుకున్నారో, ఏ పెళ్ళిలో కట్టుకున్నారో వాడికి తెలియదు.

పెళ్ళాం నర్సమ్మది హిందూపురం. వాడికి పూర్తిగా వ్యతిరేకం. మగ్గాల మోతలో కూడా వినబడేలా మాట్లాడేది. రెండు మగ్గాల నడుమ నేలమీద కూర్చుని, రాట్నం తిప్పుతూ కండెలు చుట్టేది. కండె అంటే నాడెలో పెట్టే దారపు చుట్ట. ఆ నాడె పడుగులో అటూ ఇటూ పరుగెత్తితేనే బట్ట పుడుతుంది. నర్సమ్మ కండెలు చుడుతూ చుడుతూ వాడిని ఆటపట్టించేది. “వదినా, మీ తమ్మునికి మాటలు గూడా దారం మాదిరి చుట్టి ఇయ్యాల, లేకుంటే ఆడడు” అనేది. వాడు నవ్వేవాడు. వాడు పళ్ళు కనబడేలా నవ్వడం నేను చూసింది ఆమె దగ్గరే. మా ఆయన తొందరగా పోయాడు, నాకు పిల్లల్లేరు. సాయంత్రం బడి వదలగానే నేరుగా అక్కడికే పోయేదాన్ని. నేను గడపలో చెప్పులు విడవకముందే కాఫీ గ్లాసు పట్టుకుని వచ్చేది. ఆమె అంటే నాకు ప్రాణం. తమ్ముడికంటే ఎక్కువ అన్నా తప్పులేదు.

1993లో దీపావళికి పది రోజుల ముందు, ఒక మగ్గంలో నాడెను ఈ కొస నుంచి ఆ కొసకు కొట్టే తోలుపట్టీ అరిగిపోయింది. “పట్టీ మార్చప్పా, నాడె దారి తప్పుతా ఉండాది” అని నర్సమ్మ మూడుసార్లు చెప్పింది. రెండోసారి చెప్పినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను, నేనూ చెప్పాను. “ఈ చీర దిగనీక్కా, మారుస్తా” అన్నాడు. పండగ చీర. అంగడివాళ్ళు తొందరపెడుతున్నారు. ఆ చీర దిగలేదు. శుక్రవారం పదకొండు గంటలప్పుడు నాడె మగ్గంలోంచి ఎగిరి, కింద కూర్చున్న నర్సమ్మ ఎడమ కంటికి తగిలింది. నాడెకు రెండు కొసలా ఇనుప మొనలుంటాయి. ఇంతకంటే నేను చెప్పలేను.

ఆసుపత్రిలో ఆ కన్ను తీసేశారు. వెంకటరాయప్ప వార్డు గుమ్మం దాకా వచ్చాడు. మా అమ్మ మునివెంకటమ్మ అక్కడే ఆపేసింది. ఎవరి చేతి వల్ల గాయమైందో వాళ్ళ చూపు పడితే పుండు మానదని మా అమ్మ నమ్మకం. మా అమ్మమ్మకూ అదే నమ్మకం. “పుండు ఆరేదాకా దాని మొగం చూడద్దురా” అంది. వాడు ఊ అన్నాడు. పిల్లలకు మూఢనమ్మకాల మీద వ్యాసాలు రాయించే టీచరమ్మను, రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. అదేం మాటమ్మా అని ఒక్క మాట అనొచ్చు. అనలేదు. వాడిమీద నాకు ఒళ్ళు మండిపోతోంది. ఆ మాత్రం శిక్ష పడనీ వెధవకు అనుకున్నాను.

పుండు రెండు నెలలకు ఆరిపోయింది. వాడు చూడలేదు. మరుసటి ఏడు ఏప్రిల్‌లో అమ్మ పోయింది. అప్పుడూ చూడలేదు.

చూడకపోవడమంటే ఎట్లాగంటే, నర్సమ్మతో మాట్లాడాల్సి వస్తే గోడమీది క్యాలెండరుతో మాట్లాడేవాడు. ఆమె అన్నం వడ్డిస్తే కంచం వైపే చూసేవాడు. జ్వరమొస్తే కాళ్ళ దగ్గర కూర్చుని రాత్రంతా కాళ్ళు పట్టేవాడు, తల వైపు మాత్రం తిరిగేవాడు కాదు. ఒక చెడ్డమాట లేదు. ఒక చెయ్యెత్తడం లేదు. నర్సమ్మను మగ్గాల గదిలోకి రానివ్వలేదు, కండెలు బయట చుట్టించుకున్నాడు. నాడె చప్పుడు కొంచెం మారితే చాలు, ఒళ్ళంతా చెమటలు పట్టి మగ్గం ఆపి, వీధి గడప మీద వచ్చి కూర్చునేవాడు. 2001లో వాళ్ళ కూతురు సుమ పెళ్ళి చేశాం. ఫోటో తీసేవాడు “సార్, అమ్మావ్ర కడె నోడి, అమ్మ వైపు చూడండి సార్” అని కన్నడంలోనూ తెలుగులోనూ మొత్తుకున్నాడు. ఆ ఆల్బమ్ నిండా వాడు పందిరి గుంజల వైపే చూస్తున్నాడు.

గాజుకన్ను పెట్టిస్తామని ఆసుపత్రివాళ్ళు అన్నారు. నర్సమ్మ వద్దంది. “చూసేటోళ్ళు లేని మొగానికి అలంకారమెందుకులే వదినా” అంది. నవ్వుతూనే అంది. ఇంటికొచ్చి నేను అన్నం తినలేదు ఆ పూట.

ఇట్లా ఏళ్ళు గడిచాయి. అలవాటైపోయింది అందరికీ, నాకు కూడా. మనుషులు దేనికైనా అలవాటుపడతారు, ఛీ.

2004 మార్చిలో నర్సమ్మ గడపలకూ తలుపు రెక్కలకూ గుద్దుకోవడం మొదలుపెట్టింది. పెద్ద కంటి ఆసుపత్రికి తీసుకుపోయాను. ఉన్న ఒక్క కంటికీ నీటికాసుల జబ్బు, చాలా ముదిరిందన్నారు. చుట్టూ చూపు మూసుకుపోయింది, నడిమధ్యలో మాత్రం కొంచెం మిగిలింది. పోయింది తిరిగి రాదు. మిగిలినదాన్ని మందుతో కొన్నాళ్ళు కాపాడొచ్చు. “ఏడాది, మహా అయితే రెండేళ్ళు” అన్నాడు డాక్టరు. పొద్దునా సాయంత్రం కంట్లో చుక్కలు వెయ్యాలి. ఆమెకు తనంతట తాను వేసుకోవడం రాలేదు, చుక్క బుగ్గమీదే పడేది. ఇంట్లో మొగుడున్నాడు, కానీ మొహం చూడకుండా కంట్లో చుక్క ఎవరు వెయ్యగలరు? కనుక ఆ పని నా నెత్తిన పడింది. దినానికి రెండుసార్లు కబ్బన్‌పేట నుంచి నగర్తపేటకు ఈ మోకాళ్ళతో. తల ప్రాణం తోకకొచ్చేది.

ఒకనాటి సాయంత్రం చుక్కలు వేసి, కన్ను మూసుకుని ఉండమన్నాను. మూసుకునే మాట్లాడింది నర్సమ్మ.

“వదినా, నాకిప్పుడు నడిమధ్యలో ఒక కంచమంత మాత్రమే కనిపిస్తా ఉండాది. ఎదురుగా ఉండేది తప్ప ఏమీ తెలీదు. ఆయనెప్పుడూ పక్కనే నిలబడతాడు గదా. పక్కన నాకంతా చీకటి.”

“ఊ.”

“ఈ కన్ను పోయేలోపల ఆయన ఎదురుగా వచ్చి ఒక్కతూరి నా మొగం చూడాల. ఆయన చూస్తా ఉండేది నేను చూడాల. ఇంకేమొద్దు నాకు. డాక్టరుతో ఏమీ అడగొద్దు, మందు మార్చమనొద్దు. ఇదొక్కటి చేసిపెట్టు.”

లేచి నేరుగా ముందు గదిలోకి పోయాను. మగ్గం ఆపమని సైగచేసి, వాడి చెవులు పగిలేలా అరిచాను. పక్కింటివాళ్ళు కిటికీలు తీశారు. వాడు నేల చూస్తూ విన్నాడు. అంతా విని, “అయ్యేల్లేదక్కా” అన్నాడు. “నేను చూడల్లనే అనుకుంటా. మెడ తిరగదు. కుత్తిక పట్టేస్తాది.” అబద్ధం కాదని వాడి గొంతులోనే తెలిసింది. నాకు అరిచే ఓపిక కూడా పోయింది.

తరువాతి వారం ఆసుపత్రి హాల్లో నర్సమ్మ బెంచీమీద ఒక కొసన, వాడు ఇంకో కొసన వీపు తిప్పుకుని కూర్చున్నారు. అక్కడ కౌన్సెలర్‌గా పనిచేసే ఫర్హానా అనే అమ్మాయి అది చూసింది. కర్నూలు పిల్ల, ముప్ఫై ఏళ్ళు కూడా ఉండవు. నా దగ్గరికొచ్చి, “మేడమ్, వాళ్ళిద్దరూ ఒకే పేషెంటుతో వచ్చారా?” అని అడిగింది. వాడు మొగుడని చెప్పి, నిలబడిన చోటే పదకొండేళ్ళ కథా చెప్పేశాను. నాకూ ఎవరికో ఒకరికి చెప్పాలనుంది కాబోలు.

ఆ పిల్ల తొందరపడలేదు. “నాకు ఒక పద్ధతి వచ్చు మేడమ్. గుజరాత్ భూకంపం తరువాత అక్కడివాళ్ళకు ఇది చేశారు. జరిగినదాన్ని తలుచుకుంటూ నా వేళ్ళ వెంట కళ్ళు అటూ ఇటూ కదపాలి. లోపల బిగుసుకుపోయింది కొంచెం కొంచెంగా సడలుతుంది. జరిగింది గుర్తుంటుంది, కానీ అంతగా పీడించదు” అంది.

“కళ్ళు తిప్పితే బాధలు పోయేట్టయితే డాన్సు కట్టేవాళ్ళెవరికీ బాధలే ఉండకూడదు కదమ్మా” అన్నాను.

నవ్వేసింది. “గ్యారంటీ ఇవ్వను మేడమ్. కొంతమందికి పనిచేస్తుంది. ట్రై చేద్దాం.”

బుధవారం మధ్యాహ్నాలు పెట్టుకున్నాం. నర్సమ్మ బయట హాల్లో కూర్చునేది. వాడు వయసు పిల్లతో ఒక్కడే గదిలో కూర్చోనంటే, మూలలో నాకొక కుర్చీ వేశారు. “మేడమ్, ఒక్క షరతు. మీరు నోరు తెరవకూడదు” అంది ఫర్హానా. ముప్ఫై మూడేళ్ళు నేను పిల్లలకు చెప్పిన మాట అది.

మొదటి రోజు కళ్ళు తిప్పడమే లేదు. మనసుకు నెమ్మదిగా అనిపించే ఒక చోటు చెప్పమంది, అవసరమైనప్పుడు దాన్ని తలుచుకోవడానికట. వాడు చాలాసేపు ఆలోచించి, “మగ్గం ఆపినంక” అన్నాడు. “అది టైమ్ కదా సార్, ప్లేస్ చెప్పండి” అంది. “నాకు అదే” అన్నాడు. ఆ పిల్ల అదే రాసుకుంది.

రెండో వారం అసలు పని మొదలైంది. ఎదురుగా కుర్చీ వేసుకుని, రెండు వేళ్ళు చాచి, వాడి మొహం ముందు కుడికీ ఎడమకీ కదిపింది. కదిపింది, కదిపింది. కొంతసేపటికి చెయ్యి దించేసి, “సార్, మీ కళ్ళు కదలడం లేదు. మధ్యలోనే చూస్తున్నారు” అంది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ అంతే. వాడి కళ్ళు మేకు కొట్టినట్టు నడుమనే నిలిచాయి. ఆ పిల్లకు ఎందుకో అర్థంకాలేదు. నాకు అర్థమైంది గానీ నోరు తెరవకూడదు కదా.

చివరికి వాడే చెప్పాడు. “నాడె ఎంబడి కండ్లు పోగూడదు పాపా. బట్ట యాడ పుడతా ఉండాదో ఆడనే చూపుండాల. పోగు తెగితే ఆడనే తెలిసేది. చిన్నప్పుడు నేను నాడెను చూస్తే మా నాయన తొడమీద బద్దతో కొడతా ఉండె. నలభై ఆరేండ్ల అలవాటు. నువ్వు చెయ్యి అట్లా ఇట్లా ఆడిస్తే నా కండ్లు వాటంతకవే నిలిచిపోతాయి.”

ఆ పిల్ల వాడి మొహంలోకి చూసి, కాసేపు తన వేళ్ళను చూసుకుంది. తరువాత చెయ్యి పైకెత్తి, అడ్డంగా కాకుండా మూలగా కదిపింది. పైన ఎడమ భుజం నుంచి కింద కుడి మోకాలి దాకా. ఆ దారిలో నడిచే నాడె ఏ మగ్గంలోనూ లేదు. వాడి కళ్ళు ముందు తడబడ్డాయి, తరువాత కదిలాయి.

ప్రతిసారీ మొదట్లో ఆమె ఒక ప్రశ్న అడిగేది. ఆ శుక్రవారాన్ని తలుచుకుంటే ఎంత బాధగా ఉంది, సున్నా నుంచి పది వరకు చెప్పండి అని. పదంటే భరించలేనంత, సున్నా అంటే ఏమీ లేనట్టు. మొదటిసారి తొమ్మిది అన్నాడు. కళ్ళు తిప్పించి అడిగితే ఏడు. తరువాతి వారం నాలుగు. ఆ పై వారం సున్నా! ఫర్హానా మొహం వెలిగిపోయింది. మార్కులు వేసి వేసి అరిగిన ప్రాణం నాది, నాకూ సంబరమేసింది. కొబ్బరికాయ కొడతానని లోపల మొక్కుకున్నాను కూడా.

బయటికొచ్చి బస్‌స్టాపులో నిలబడ్డాం. నర్సమ్మ నా చెయ్యి పట్టుకుని ఉంది. వాడు వచ్చి సరిగ్గా ఆమె ఎడమ పక్కన, కన్నులేని పక్కన నిలబడి, రాని బస్సు కోసం అటు చూడసాగాడు.

“ఏరా, సున్నా అన్నావు కదరా!” అన్నాను పళ్ళు కొరుకుతూ.

“ఆ పాపకు చెయ్యి నొప్పి పుడతా ఉండాదక్కా” అన్నాడు గొణుగుతూ. “ఎంతసేపని ఆడిస్తాది? నా కోసరం అంత కష్టపడతా ఉంటే ఇంకా తగ్గలేదని ఎట్ల చెప్పేది? బేజారు చేసుకుంటాది గదా. అందుకే సున్నా అన్నా.”

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ ఫుట్‌పాత్ మీదే చతికిలబడాలనిపించింది. నర్సమ్మ మాత్రం మెల్లగా నవ్వి, “సుమ్నే ఉండు, ఊరుకో వదినా, ఆయనంతే” అంది. ఎండకు ఆ ఒక్క కంట్లోంచి నీళ్ళు కారుతున్నాయి. కొంగుతో తుడిచాను. అప్పటికి నాలుగు నెలలు గడిచిపోయాయి, డాక్టరు ఇచ్చిన ఏడాదిలో.

మరుసటి బుధవారం ఫర్హానాకు నేనే చెప్పేశాను. షరతు లేదు ఏమీ లేదు. ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, నవ్వు ఆపుకోవడానికో, ఇంకెందుకో. వాడి ముందు కూర్చుని, “సార్, నా చెయ్యి బాగానే ఉంటుంది. నాకోసం మార్కులు వెయ్యొద్దు. ఏది వస్తే అదే చెప్పండి, చెడ్డదైనా సరే” అంది. వాడు సిగ్గుపడ్డాడు. “అయితే ఎనిమిది” అన్నాడు.

ఆగస్టు ఆఖరి బుధవారం. బయట సన్నగా వాన. ఫర్హానా చెయ్యి మూలగా కదులుతోంది, ఆగుతోంది. ఆగినప్పుడల్లా “ఇప్పుడేం వస్తోంది?” అని అడుగుతోంది. వాడు ఒక్కో ముక్క చెబుతున్నాడు.

“రాట్నం. తిరుగుతానే ఉండాది, తిప్పేటోళ్ళు లేరు.”

మళ్ళీ చెయ్యి.

“ఆటో. నర్సి తల నా తొడమీద.”

మళ్ళీ చెయ్యి. ఈసారి చాలాసేపు. వాడి ఊపిరి మారింది. నేను కుర్చీ అంచు పట్టుకున్నాను. నెత్తురు వస్తుంది, అదే వస్తుంది, ఇన్నేళ్ళూ వీడిని పట్టి పీడించింది అదే అని నా నమ్మకం.

“ఇప్పుడేం వస్తోంది?”

“చెయ్యి.”

“ఎవరి చెయ్యి సార్?”

“అమ్మది. నా కండ్లమీద పెట్టింది. పసుపు వాసన.” వాడి గొంతు సన్నబడిపోయింది. “ఆసుపత్రి గుమ్మంలో. చూడద్దురా అని కండ్లు మూసేసింది. పుండు ఆరనీ, నేనే చెప్తా, అప్పుడు చూద్దువుగానీ అనింది.”

ఫర్హానా మళ్ళీ వేళ్ళు కదిపింది.

“చెప్పలే” అన్నాడు వాడు. “చెప్పకనే పాయె. పుండు ఆరిందని అందరూ అంటారు. అమ్మ చెప్పలే గదా. నేను చూసి, ఉన్న కన్నుకు ఏమన్నా అయితే? నేను కాచుకోనుండా పాపా. పదకొండేండ్లనుంచి కాచుకోనుండా. ఇప్పుడు ఆ కన్ను గూడా పోతా ఉండాది, ఇంక ఎవురు చెప్పల్ల నాకు?” యాభై ఆరేళ్ళ మనిషి, మోకాళ్ళమీద చేతులు పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

కుర్చీ అంచు వదిలేశాను.

అమ్మ చెప్పింది. వాడికి కాదు, నాకు. పోవడానికి నాలుగు రోజుల ముందు, కబ్బన్‌పేటలో నా దగ్గర ఉన్నప్పుడు, నేను పరీక్ష పేపర్లు దిద్దుకుంటుంటే చెప్పింది. “నర్సి పుండు ఆరిపోయె గదా. వానికి చెప్పే, ఇంక మొగం చూడొచ్చని. నేను మెట్లు దిగి పోలేను.” సరేలేమ్మా అన్నాను. పేపర్ల మీంచి తల కూడా ఎత్తలేదు. నాకు వాడిమీద కోపం ఇంకా చల్లారలేదు. ఇంకొన్నాళ్ళు ఏడవనీ అనుకున్నాను. అమ్మ పోయింది, కర్మలు జరిగాయి. ఆ తరువాత ఎప్పుడైనా ఆ మాట గుర్తొస్తే, నలభై ఆరేళ్ళ మగాడికి పెళ్ళాం మొహం చూడ్డానికి ముసలమ్మ అనుమతి కావాలా, ఇదేం పిచ్చి అని కొట్టిపారేశాను. చదువుకున్నదాన్ని కదా. తరువాత నిజంగానే మరిచిపోయాను. వాడు ఆ ఒక్క మాట కోసం కూర్చుని ఉన్నాడని నా ఊహకు తట్టనైనా తట్టలేదు. పైగా వాడిమీదే అరిచాను, పక్కింటివాళ్ళు కిటికీలు తీసేలా.

“అమ్మ చెప్పిందిరా” అన్నాను.

ఫర్హానా వేళ్ళు గాలిలో ఆగిపోయాయి. వాడు నా వైపు తిరిగాడు.

“పోయేముందు చెప్పింది. చూడొచ్చని నీకు చెప్పమంది. నేను చెప్పలేదు.”

వాడు నన్ను అట్లా చూస్తూ ఉండిపోయాడు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే ఎంతో బాగుండేది. “ఏమక్కా...” అన్నాడు. అంతే. ఎందుకు చెప్పలేదని కూడా అడగలేదు. పంచె అంచుతో మొహం తుడుచుకుని లేచాడు. “సార్, ఒక్క నిమిషం కూర్చోండి, నెమ్మదిగా వెళ్దాం” అంది ఫర్హానా. “నర్సి బయట ఒక్కతే ఉండాది పాపా” అని తలుపు తీసుకుని పోయాడు. నేనూ వెనకే పోయాను.

హాల్లో నర్సమ్మ బెంచీమీద, తడిసిన గొడుగు ఒళ్ళో పెట్టుకుని కూర్చునుంది. వాడు బెంచీ చుట్టూ తిరిగి ఆమె ముందుకు వెళ్ళాడు. అక్కడ గొంతుక్కూర్చున్నాడు. ముందు ఆమె పాదాలు చూశాడు, తరువాత గొడుగు పట్టుకున్న చేతులు. తల ఎత్తడానికి వాడు పడ్డ అవస్థ చూడలేక నేను గోడకు ఆనుకున్నాను. గడ్డం దాకా వచ్చాడు, ఆగాడు. మెడ నరాలు ఉబ్బాయి. మళ్ళీ ఎత్తాడు. ఉన్న కన్ను చూశాడు. లేని కన్ను కూడా చూశాడు. చూస్తూనే ఉండిపోయాడు.

ఆమెకు వెంటనే తెలియలేదు. ఎవరో ఎదురుగా ఉన్నారని తెలిసి, తల కొంచెం పైకీ కిందకీ ఆడిస్తూ, ఆ కాస్త చూపులోకి మనిషిని తెచ్చుకోవడానికి వెతికింది. దొరికాడు. గొడుగు జారి కిందపడింది. చెయ్యి చాచి వాడి బుగ్గ తడిమింది, తెల్లబడ్డ మీసం తడిమింది.

“ఎంత ముసలోడివైపోయినావప్పా నువ్వు!” అంది.

“నువ్వుగూడా” అన్నాడు వాడు, ఏడుస్తూ.

ఆమె నవ్వింది. హాల్లో అందరూ తిరిగి చూస్తున్నారు, వాళ్ళకేం పట్టలేదు. కొంతసేపటికి నర్సమ్మ అడిగింది, “ఇన్నాళ్ళకు ఎట్ల వచ్చెనప్పా ధైర్యం?”

“అమ్మ చూడమనిందంట” అన్నాడు.

“ఎప్పుడు?”

వాడు కిందపడ్డ గొడుగు తీసి బెంచీమీద పెట్టాడు. ఆమె మళ్ళీ అడిగింది. “పోయేముందరే” అన్నాడు, “అక్కకు చెప్పిందంట.”

నర్సమ్మ మొహంలో నవ్వు ఆగిపోయింది. చెయ్యి వాడి బుగ్గమీదే ఉంది. “వదినా, యాడుండావు?” అంది. “పక్కన నిలబడితే నాకు కనపడవు. ఎదురుగా రా.”

వాడు లేచి పక్కకు జరిగాడు. నేను వెళ్ళి ఆమె ముందు నిలబడ్డాను. ఆమె తల ఆడిస్తూ నా మొహం కోసం వెతుకుతోంది.

“పదేండ్లు గదా వదినా” అంది. కోపంగా అనలేదు. “తలెత్తు, చూడనీ.”

నా వల్ల కాలేదు.